కొసరు పళ్ళచక్రం

మా వంశంలో కొసరు వద్దన్న మనిషిని నేనొక్కదాన్నే. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. మా తాతగారు తన తల్లి దహనానికి కట్టెలు తూయించినప్పుడు కూడా మోపు మీద ఇంకో దుంగ వేయించుకున్నారని మా ఇంట్లో భోజనాల దగ్గర చెప్పుకుని మురిసిపోయేవారు. నాన్న వంకాయలు కొంటే గుప్పెడు కరివేపాకు, బట్టలు కొంటే చేతిసంచి, చెప్పులు కొంటే పాలిష్ డబ్బా పుచ్చుకోకుండా కొట్టు మెట్టు దిగేవారు కాదు. లోకం అసలు కన్నా వడ్డీ ముద్దంటుంది. మాకు అసలు కన్నా కొసరు ముద్దు. అటువంటి ఇంట పుట్టి, అరవై దాటాక ఒకనాడు, అద్దంలా మెరుస్తున్న కొత్త సైలెన్సరును ఉత్తినే ఇస్తానన్న కొట్టాయనకు దండం పెట్టి వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో చెప్పాలంటే నాన్న బుల్లెట్టు గురించీ, అన్నవరం కొండ మీద ఒక మలుపు గురించీ, ఆ మలుపులో ఏటేటా బండి దిగి నడిచిన మా అమ్మ గురించీ చెప్పాలి.

మాది రాజమండ్రిలో ఇంగువ వ్యాపారం. ముందు కొట్టు, వెనక ఇల్లు. నాన్నను ఊరంతా ఇంగువ రత్నంగారనేవారు. ఉత్తరాది నుంచి తోలు సంచుల్లో ముడి ఇంగువ దిగేది. దాన్ని పెరటి వసారాలో బంకతో, పిండితో కలిపి పిసికి ముద్దలు కట్టేవారు. ఆ పిసికేది అమ్మ, ఇద్దరు పనివాళ్ళు. మోచేతుల దాకా ఇంగువ పూసుకుని కూర్చున్న అమ్మే నాకు గుర్తున్న మొదటి అమ్మ. తెల్లారి లేచి కుంకుడుకాయ రసంతో చేతులు తోముకుని, నిమ్మచెక్క రుద్దుకుని, మళ్ళీ వాసన చూసుకుని, పెదవి విరిచి కాఫీ కలిపేది. ఆ కాఫీలో కూడా ఇంగువ ఉండేది. మాకది తెలిసేది కాదు, వచ్చినవాళ్ళకు తెలిసేది. మొదటి గుక్క తాగి ఒక్క క్షణం ఆగేవారు, మర్యాదకు మిగతాది తాగేవారు. బళ్ళో నా పక్కన కూర్చోవడానికి పిల్లలు వంతులు వేసుకునేవారు. నా మీద ప్రేమతో కాదు, ఎవరికీ రెండు రోజులు వరసగా పడకూడదని. మధ్యాహ్నం అన్నం గిన్నెలు తెరిచాక మాత్రం నా పప్పుచారు కోసం ఆ పిల్లలే కొట్టుకునేవారు. ఆ చిన్న వయసులోనే నాకు వ్యాపారం అర్థమైంది. వాసనకు ముక్కు మూసుకునేవాడూ, రుచికి చెయ్యి చాచేవాడూ ఒక్కడే.

బుల్లెట్టు మా ఇంటికి కొత్తగా రాలేదు. మా నాన్న కొత్తది ఏదీ కొనేవారు కాదు, కొత్తదానికి బేరం తక్కువని. కాలవ పనులు చేయించే కాంట్రాక్టరొకాయన నడుం నొప్పితో అమ్ముకుంటుంటే, ఆయన నడుం మీద సానుభూతి చూపిస్తూనే ధర దించి, హెడ్‌లైటు మీద బట్ట తొడుగు కూడా కొసరుగా పట్టుకొచ్చారట. నల్లటి ట్యాంకు మీద బంగారు గీతలు. వెనక ఇంగువ డబ్బాలకు ఇనుప స్టాండు. కోనసీమ లంకల నుంచి మెట్టలో జగ్గంపేట దాకా ఏ కిరాణా కొట్టుకైనా నాన్న ఆ బండి మీదే సరుకు వేసేవారు. బండి ఇంకా కనపడకముందే వాసన వచ్చేదని మావాళ్ళు ఎగతాళి చేసేవారు గానీ, ముందు వచ్చేది చప్పుడే. కంగారు లేని చప్పుడు అది. భోంచేసిన పెద్దమనిషి అరుగు మీద కూర్చుని తొడ మీద తాళం వేసుకుంటున్నట్టు ఉండేది.

దాన్ని స్టార్టు చేయడం నాన్నకు పూజ లాంటిది. ట్యాంకు ముందర చిన్న మీటరు, అందులో సూది. కిక్కురాడ్డును కాలితో మెల్లిగా నొక్కుతుంటే ఆ సూది ఎడమకు వాలి, ఒకచోట మధ్యకు వస్తుంది. అక్కడ ఆగి, చిన్న లివరు పట్టి, ఇంజనులో బిగిసిన గాలిని కాస్త వదిలి, అప్పుడు తన్నాలి. తొందరపడితే కిక్కురాడ్డు వెనక్కి తన్ని కాలు విరగ్గొడుతుంది. "చిట్టీ, తక్కెడ ముల్లు చూడటం వచ్చు కదా నీకు? ఇదీ అంతే. ముల్లు మధ్యకొచ్చేదాకా సరుకు మీద చెయ్యెయ్యకూడదు," అని నాకు నేర్పారు. నాకు పదహారో ఏట, సాయంత్రం పూట ఆయనకు చూపు ఆనడం తగ్గాక, ఆయన్ను వెనక కూర్చోబెట్టుకుని ఊళ్ళు తిప్పింది నేనే. ఆడపిల్లకు బుల్లెట్టేంటని అడిగినవాళ్ళకు, డ్రైవరుకు జీతం మీరిస్తారా అని నాన్న అడిగేవారు. అక్కడితో ఆ చర్చ ముగిసేది.

ఏటా కార్తీకమాసంలో అన్నవరం వెళ్ళి సత్యనారాయణస్వామి వ్రతం చేసుకోవడం మా ఇంటి ఆనవాయితీ. నేను ట్యాంకు మీద, అమ్మ వెనక పక్కకు తిరిగి, ఆ వెనక స్టాండు మీద ఇంగువ డబ్బా. దేవుడి దగ్గరికి వెళ్తూ డబ్బా ఎందుకంటే, కొండ మీద హోటలు వాళ్ళు మన ఖాతాదార్లే కదా అనేవారు నాన్న. ఉత్త బండి నడపడం ఆయన దృష్టిలో పాపం. కింద నుంచి కొండ సగం దాకా బాగానే ఎక్కేది. ఒక మలుపు ఉంది. కుడిపక్క కొండరాయి, ఎడమపక్క పిట్టగోడ, గోడ అవతల దిగువన పంపా నీళ్ళు, పొలాలు. అక్కడ రోడ్డు ఒక్కసారిగా నిలువుగా లేస్తుంది. సరిగ్గా అక్కడికొచ్చేసరికి ఇంజను దగ్గి, గొంతు తగ్గించి, వణికేది. నాన్న తల తిప్పకుండానే "దిగు" అనేవారు. అమ్మ దిగేది. బండి నన్నూ డబ్బానూ తీసుకుని మలుపు ఎక్కి పైన ఆగేది. వేడి మీద ఆపితే మళ్ళీ అంత తొందరగా స్టార్టు కాదని నాన్న ఇంజను ఆపేవారు కాదు. అమ్మ వచ్చేదాకా అక్కడే నిలబెట్టి ఉంచేవారు. వేడి ఆయిలు వాసన, ఇంగువ వాసన కలిసిన ఆ కాసేపూ నేను ట్యాంకు మీద కూర్చుని వెనక్కి తిరిగి చూస్తుండేదాన్ని. ముందు కొంగు కనపడేది, తర్వాత అమ్మ.

అంతవరకూ పరవాలేదు. ఒక ఏడు మా మామయ్యావాళ్ళు కూడా వచ్చారు. మామయ్యకు స్కూటరు. అమ్మ నడుస్తుండగా ఆ స్కూటరు పక్క నుంచి బుర్రుమని ఎక్కిపోయింది. వెనక సీటు మీద అత్తయ్య ఒళ్ళో పూలబుట్ట పెట్టుకుని, "వదినా, నడిస్తే పుణ్యం ఎక్కువంటలే," అని ఓదార్చింది. ఆ ఓదార్పు మలుపు తిరిగేలోగా యాత్రికులందరికీ వినపడింది. అమ్మ కొంగు నడుముకు దోపుకుని నడిచింది. నాన్న మొహం మాత్రం నాసిరకం ఇంగువ నాలిక మీద వేసుకున్నట్టు అయింది. ఇంటికి వస్తూనే బండిని మస్తాన్ మేస్త్రి షెడ్డుకు తోలారు. ఇంజను బలం పెంచాలి. వచ్చే కార్తీకానికి మా ఆవిడ ఆ మలుపులో దిగకూడదు. ఇదీ ఆర్డరు.

మస్తాన్ మేస్త్రి మాటలమారి. గోదావరి వంతెన మీద రైలుతో పందెం వేసి గెలిచానని చెప్పేవాడు. రైలు ఏ స్టేషనులో ఆగి ఉన్నప్పుడో మాత్రం చెప్పేవాడు కాదు. ఆయనకు వేగం పిచ్చి, నాన్నకు బేరం పిచ్చి. ఇద్దరూ కలిసి పాత ఇనుము కొట్లో, లారీ కింద పడి నుజ్జయిన పెద్ద బండి ఒకదాన్ని పట్టుకున్నారు. దాని ఇంజను లోపల బాగానే ఉంది. ఇంకొంచెం పెద్ద పిస్టను, దానికి తగ్గ సిలిండరు, నోరు పెద్దదైన కార్బురేటరు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఎక్కువ మండుతుంది, గట్టిగా తోస్తుంది. మస్తాన్ చెప్పినదాంట్లో అంతవరకూ న్యాయమే. నాన్న బేరం మొదలుపెట్టారు. రెండు సార్లు మెట్టు దిగారు, ఒకసారి సందు మొగదాకా పోయి వచ్చారు. చివరకు ధర కుదిరాక, అలవాటు ప్రకారం, మరి కొసరేదీ అన్నారు. విసిగిపోయిన ఆ ఇనుము కొట్టాయన చేతికి అందిన ఒక పళ్ళచక్రం విసిరాడు.

ఆ చక్రం సంగతి చెప్పాలి. ఇంజను పక్కన చెయిన్ను లాగే చిన్న పళ్ళచక్రం ఉంటుంది. దానికి పళ్ళు పెరిగితే ఇంజను ఒక చుట్టు తిరిగేసరికి బండి ఎక్కువ దూరం పోతుంది. చదునులో పరుగు, ఎత్తులో ఆయాసం. పెద్ద పెద్ద అంగలు వేస్తూ బరువు మోసినట్టు ఉంటుంది. కొసరుగా వచ్చిన దానికి మా బండిదానికన్నా రెండు పళ్ళు ఎక్కువ. ఇది పక్కన పడేద్దామండి అని మస్తాన్ ఒక్కసారి అన్నాడట. అన్నాడో లేదో, వేగం పెరుగుతుందని ఆయనకూ లోపల సరదాయే. నాన్న ససేమిరా అన్నారు. నడిచొచ్చిన లక్ష్మిని గడప బయట కూర్చోబెడతామా? బిగించమన్నారు. బిగించారు. ఉత్తినే వచ్చింది కాబట్టి బండికి బిగించడం అనే తప్పు మా కులవృత్తివాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేరు.

ఆ కార్తీకంలో రాజమండ్రి దాటాక బండి ఎగిరింది. బస్సుల్ని దాటాం, లారీల్ని దాటాం. మామయ్య స్కూటరును దాటుతూ నాన్న హారను కొట్టారు. నేను ట్యాంకు మీద పెద్ద రాణిలా కూర్చున్నాను. కొండ మొదలైంది. మలుపు వచ్చింది. ఇంజను కోపంగా అరిచింది గానీ చక్రం తిరగలేదు. ఈసారి వణకడం కూడా లేదు, నిలబడిపోయింది. నాన్న తల తిప్పకుండానే, గొంతు బాగా తగ్గించి, "దిగు" అన్నారు.

అమ్మ దిగింది. కొంగు సర్దుకుని, పిట్టగోడ పక్కన నిలబడి, మొదటిసారి మాట్లాడింది.

"అర్థమైందండీ. అసలు మీ బండి. కొసరు నేను."

 బేరంలో ఆయన్ను నోరెత్తనివ్వని మనిషిని నేను ఆ ఒక్కసారే చూశాను. ఇంటికొచ్చాక ఆ చక్రం తీయించారా అంటే, లేదు. తీస్తే తప్పు చేసినట్టు ఒప్పుకోవాలి, పైగా కొసరు వృథా. అమ్మా అడగలేదు. పెద్ద పిస్టను, పెద్ద కార్బురేటరు, రెండు పళ్ళు ఎక్కువున్న చక్రం, వీటన్నిటితో ఆ బండి జిల్లాలోకెల్లా వేగంగా ఇంగువ మోసే వాహనంగా పేరు తెచ్చుకుంది. అమ్మ మాత్రం ఏటా ఆ మలుపులో దిగి నడిచింది.

నాన్న పోయి చాలా కాలమైంది. కొట్టు నా చేతికి వచ్చింది, తర్వాత మా అబ్బాయి చేతికి పోయింది. ఇప్పుడు ఇంగువ తోలు సంచిలో రాదు, మేం ముద్దలు కట్టం. తెల్లటి ప్లాస్టిక్ డబ్బాల్లో పొడి, డబ్బా మీద మా తాతగారి బొమ్మ. మీసాలు ఎవరివో. పక్కన కూర్చున్నవాళ్ళకు వాసన రాదు. వచ్చినవాళ్ళు కాఫీ ఆగకుండా తాగేస్తున్నారు. మొన్నామధ్య గోడౌను ఖాళీ చేయిస్తుంటే పట్టా కింద బుల్లెట్టు కనపడింది. కనపడిందని అబద్ధం ఎందుకు, అక్కడ ఉందని నాకు తెలుసు, చూడకుండా ఉన్నానంతే. పక్కనున్న పనిముట్ల పెట్టె తెరిచాను. పానాలు చుట్టి పెట్టిన నాన్న గుడ్డ. ఇంగువ కట్టిన గుడ్డ అంటారే, అది సామెత కాదు, మా ఇంట్లో వస్తువు. ఆ ఒక్క వాసనకు మా వీధంతా తిరిగొచ్చింది. అమ్మ ఊతకర్ర పట్టుకుని వచ్చి బండి సీటు మీద చెయ్యి పెట్టి నిలబడింది. ఆమెకు ఎనభై దాటాయి.

"చిట్టీ, ఈసారి వ్రతానికి దీని మీద వెళ్దామే," అంది.

కారుందిగా అన్నాను.

"కారులో ఎవరైనా ఎక్కుతారు. ఆ మలుపులో నన్ను దిగమనకుండా ఇది ఒక్కసారన్నా ఎక్కితే చూడాలని ఉంది."

మా నాన్న తీర్చకుండా వదిలిన ఆర్డరు అది. ఖాతాదారు ఇంకా బతికే ఉంది, ఎదురుగా నిలబడి అడుగుతోంది. వ్యాపారస్తుల బిడ్డగా నాకు అంతకంటే పెద్ద పరువు సమస్య లేదు.

మస్తాన్ షెడ్డును ఇప్పుడు వాళ్ళబ్బాయి బాజీ నడుపుతున్నాడు. తండ్రి నోరే, పైగా ఫోను. బండి చూడగానే మేడంగారండీ అంటూ తెరమీద బొమ్మలు జరపడం మొదలుపెట్టాడు. ఇంకా పెద్ద బోరు కిట్టు, పోటీ బళ్ళలో వాల్వుల్ని ఎత్తడానికి వాడే కామ్‌లు, గరాటులాంటి కార్బురేటరు, ఫ్రీగా ఊదే సైలెన్సరు. అన్నీ కలిపితే బండి ఎగురుతుందన్నాడు. ఎగిరిన బండిని నేను చూశాను నాయనా, మలుపులో దిగింది అన్నాను. నాకు ఇంజనీరింగు తెలియదు గానీ, సరుకు కొనడం తెలుసు. ప్రతి వస్తువు గురించీ ఒక్కటే ప్రశ్న అడిగాను: ఇది ఎక్కడ పనిచేస్తుంది? రెండో గేర్లో, వెనక మనిషితో, మెల్లిగా నిలువెత్తు ఎక్కుతున్నప్పుడు పనిచేస్తుందా, లేక హైవే మీద ఇంజను గింగిరాలు తిరుగుతున్నప్పుడా? బాజీకి మస్తాన్ నోరు వచ్చింది గానీ అబద్ధం రాలేదు. ఆ కామ్‌లు మెల్లిగా పోతే పనికిరావండి, పైకి తిరిగాకే వాటి బలం అని ఒప్పుకున్నాడు. అయితే అవి కొట్టివేత. గరాటు కార్బురేటరూ అంతే. పెద్ద నోరు మెల్లిగా మాట్లాడలేదు, మా వీధిలో అందరికీ తెలిసిన విషయమే.

నాలుగు సాయంత్రాలు కూర్చుని తేల్చాం. నాన్న వేయించిన పెద్ద సిలిండరు ఉంచాలి, ఆ ఒక్కదాంట్లో ఆయన బేరం మంచిదే. దాని లోపలి బోరు శుభ్రంగా చేయించి, కొంచెం గట్టిగా నొక్కే పిస్టను వేయాలి, అత్యాశకు పోకుండా. వాల్వుల సీట్లు కొత్తవి, ఇప్పటి పెట్రోలుకు తట్టుకునేవి. హెడ్డులో గాలి పోయే దారులు నున్నగా అరగదీయాలి. కార్బురేటరు మామూలు సైజుదే, కొత్తది. ఆయిలు పంపు పెద్దది వేయాలి, ఎందుకంటే బలం పెంచి తిండి పెంచకపోతే అది కూలివాడి దగ్గర చేసే అన్యాయం. నిప్పురవ్వ పుట్టించే పాత పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషను పెడదామని బాజీ అన్నప్పుడు కాసేపు తటపటాయించాను. సూది మధ్యకు వచ్చేదాకా చూసి తన్నే ఆ పూజ పోతుంది. కానీ మెల్లిగా తిరిగేటప్పుడు నిప్పు తప్పకుండా పడుతుందన్నాడు. పైగా నా మోకాలికి జ్ఞాపకాలు లేవు, నొప్పి ఒక్కటే ఉంది. సరేనన్నాను. ముందు చక్రానికి గట్టి బ్రేకు వేయించాను. ఎక్కడం ఇంజను పనైతే దిగడం బ్రేకు పని, దిగేటప్పుడూ వెనక ఉండేది మా అమ్మే. చివరగా, చెయిను పక్కన ఆ పళ్ళచక్రం. బాజీ దాన్ని విప్పి గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు. అరిగిపోయి, పళ్ళు వంగి, ముసలివాడి నవ్వులా ఉంది. దాని బదులు తక్కువ పళ్ళది వేయమన్నాను.

సామాను కొనడానికి విడిభాగాల కొట్టుకు నేనే వెళ్ళాను. బాజీని పంపితే చెప్పిన ధరకు కొనుక్కొస్తాడు, అది నాకు చావుతో సమానం. కొట్టాయన కుర్రవాడే, ఏసీ గది, గాజు అరలు. నేను పిస్టను చేతిలోకి తీసుకుని, బరువు చూసి, పెదవి విరిచి, పక్కన పెట్టేశాను. ఆయిలు పంపు అడిగి, మంచినీళ్ళు అడిగి, పిస్టను వైపు మళ్ళీ చూడలేదు. బేరం మొదటి సూత్రం, కావలసిన వస్తువును కళ్ళతో ముట్టుకోకూడదు. రెండోది, కొట్టు మెట్టు దిగేదాకా బేరం మొదలు కానట్టే. ఈ కొట్టుకు మెట్టు లేదు, దానంతటదే తెరుచుకునే గాజు తలుపు. దాని ముందు నిలబడితే తెరుచుకుంటుంది, ఆగితే మూసుకుంటుంది, మళ్ళీ తెరుచుకుంటుంది. నేను అక్కడ ఆగి హ్యాండుబ్యాగు వెతుక్కుంటున్నట్టు నిలబడ్డాను. లోపలి చల్లగాలంతా వీధిలోకి పోతోంది. కుర్రవాడు తట్టుకోలేక వెనక్కి పిలిచాడు. ఏసీ బిల్లు నా తరఫున బేరమాడింది. ధర కుదిరాక, అడగకుండానే, అరలోంచి ఆ సైలెన్సరు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది మీకు ఫ్రీ అండి. ఆఫరు. బండి చప్పుడు పక్క ఊరికి వినపడుద్ది."

చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. ఎన్ని తరాల చెయ్యి అది. క్రోమ్ పూతలో నా మొహం నాకే కనపడింది, అచ్చం నాన్న మొహంలా. పొగ ఫ్రీగా పోతే పరుగు పెరుగుతుంది, కింది గేర్లలో లాగుడు తగ్గుతుంది, దాని కోసం మళ్ళీ కార్బురేటరు మార్చాలి, బాజీ చెప్పాడు. అంటే ఇంకో పళ్ళచక్రం. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"వద్దు బాబూ."

"ఫ్రీ అండి మేడం గారూ."

"ఫ్రీ కాబట్టే."

"పోనీ బిగించకండి. ఇంట్లో పడుంటుంది."

"ఇంట్లో పడుంటే బిగిస్తాను. మా రక్తం సంగతి నీకు తెలీదు," అని దండం పెట్టాను. అతను ఫోను పక్కన పెట్టి నన్ను తేరిపార చూశాడు. అబద్ధం చెప్పను, గాజు తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చి ఒక స్పార్కు ప్లగ్గు మాత్రం అడిగి పుచ్చుకున్నాను. ప్లగ్గు కొసరు కింద రాదు. అది అవసరం.

కార్తీకం వచ్చింది. మావారు నన్ను ఆపే ప్రయత్నాలన్నీ చేసి, చివరకు అమ్మను కారులో కొండ కింద దాకా తీసుకురావడానికి ఒప్పుకున్నారు. నేను కత్తిపూడి మీదుగా బండి మీద వచ్చాను. కొండ దగ్గర అమ్మ కారు దిగి, పట్టుచీర కుచ్చెళ్ళు సర్దుకుని, కొప్పు పట్టని హెల్మెట్టుతో యుద్ధం చేసి, బండి చుట్టూ ఒకసారి తిరిగింది.

"డబ్బా ఏదే?" అంది.

ఏ డబ్బా అన్నాను.

"ఇంగువ డబ్బా. ఉత్త బండి ఎక్కితే గొప్పేంటి? అప్పట్లో డబ్బా ఉండేది."

కారు డిక్కీలో కొండ మీద హోటలుకు వేయాల్సిన డబ్బా ఉండనే ఉంది. మావారు నోరెత్తకుండా తెచ్చి స్టాండుకు కట్టారు. ట్యాంకు మీద చిన్నపిల్ల కూడా ఉండేదిగా అన్నాను నవ్వుతూ. ఆ లోటు నీ ఒళ్ళు తీర్చిందిలే అని అమ్మ నా భుజం పట్టుకుని, పక్కకు తిరిగి కూర్చుంది. మావారు కాఫీ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని అక్కడే కారులో ఉండిపోయారు. చూడలేనన్నారు.

అమ్మ సగం దాకా మాట్లాడుతూనే ఉంది. ఆ పూలకొట్టు అప్పుడు లేదు, ఈ రోడ్డు ఇంత వెడల్పు లేదు. మలుపు కనపడగానే మాట ఆగింది. రెండో గేరు వేశాను. కొండరాయి పక్కకు వచ్చింది, రోడ్డు లేచింది. ఇంజను గొంతు తగ్గింది. నా భుజం మీద అమ్మ వేళ్ళు బిగిశాయి, దిగడానికి సిద్ధపడే మనిషి వేళ్ళలా. నా నోట్లో ఆ మాట పుట్టలేదు. తగ్గిన గొంతుతోనే, వణక్కుండా, ఒక్కో దెబ్బా లెక్కగా కొట్టుకుంటూ, బస్తా భుజాన వేసుకున్న హమాలీ మెట్లెక్కినట్టు బండి ఎక్కింది. మలుపు తిరిగింది. పైన నాన్న ఎప్పుడూ ఆగే చోటు వచ్చింది, దాటింది. వెనక నుంచి అమ్మ హెల్మెట్టు నా వీపుకు ఒక్కసారి తగిలింది. కావాలనే తగిలించిందని నేను అనుకుంటున్నాను. నా జీవితంలో చాలా బేరాలు గెలిచాను. ఏదీ ఇంత తీపిగా లేదు.

వ్రతం అయింది. హోటలుకు డబ్బా వేశాం. ప్రసాదం పొట్లాలు ఒళ్ళో పెట్టుకుని అమ్మ మళ్ళీ ఎక్కింది. దిగేటప్పుడు ఆ మలుపు దగ్గర నా భుజం తట్టి ఆపమంది. ఆపాను.

"దిగుతాను," అంది.

ఎందుకమ్మా, ఇది పల్లం, ఏనుగునైనా మోసుకుపోతుంది అన్నాను.

"నువ్వు దిగమనలేదుగా. అందుకే దిగుతాను."

దిగి, హెల్మెట్టు నా చేతికిచ్చి, పిట్టగోడ మీద కూర్చుంది. దిగువన పంపా, దాని అవతల పచ్చటి మడులు. అమ్మ అటే చూస్తూ అంది.

"నడవలేక కోపం వచ్చిందనుకున్నావా ఇన్నేళ్ళూ? ఏడాది పొడుగునా ఎవరో ఒకరు పిలుస్తూనే ఉండేవారు. వసారాలోంచి, కొట్లోంచి. ఈ కాస్త దూరమే నన్నెవరూ పిలవలేదు. నడవడం నాకు ఇష్టమేనే. దిగమనడమే ఇష్టం లేదు."

తాళంచెవి మీద చెయ్యి వేశాను. పెట్రోలు వృథా అవుతోందని మా రక్తం చెప్పింది.

"ఆపకు," అంది అమ్మ. తల కొంచెం పక్కకు వాల్చి వింటోంది. "మీ నాన్నగారు పైన ఆపకుండా ఉంచేవారు కదా. మలుపు తిరక్కముందే వినపడేది. అది వింటూ నడిచేదాన్ని. ఇదే చప్పుడు."

కొట్లో బల్ల మీద వదిలేసి వచ్చిన ఆ సైలెన్సరు గుర్తొచ్చింది. చేతిని తాళంచెవి మీద నుంచి తీసేశాను. ఇంజను కంగారు లేకుండా కొట్టుకుంటోంది. అమ్మ తనంతట తాను లేచేదాకా దాన్ని అలాగే ఉంచాను.